మూడు చుక్కల కోక

నల్లజీడి పిక్కలో సూది గుచ్చి
మా నాయనమ్మ అసిరమ్మ
ఊరంతటినీ చుక్కల్లో రాసుకుంది.

కరణం గారింటికి ఒకటి, కొంగు మూల.
షావుకారింటికి రెండు, పక్కపక్కన.
కాపు వీధికి గీత. గీత పక్కన ఇంకో గీత పడిందంటే
అన్నదమ్ములు వేరుపడ్డారని.
కోటకి మూడు చుక్కలు, పొయ్యిరాళ్ళలా.
మాకేమీ లేదు.
"మన గుడ్డకి గుర్తెందుకే?
ఏ గుర్తూ నేకపోతే అది మందే."

రవిక తొడగొచ్చో లేదో,
తొడిగితే చేతులెంత పొడుగో,
అంచు బెత్తెడో వేలెడో
అన్నీ తడి గుడ్డ మీదే చదివేది.
పాదాలు దాటి జారే చీరకి మట్టి అంటదు.
మోకాలి దాకా ఎగ్గట్టిన కోకకే బురద.
ఈ లెక్క నాకు చాలా ఏళ్ళు తెగలేదు.

కోట చీరలు పొందూరువి,
వాలుగ చేప దవడతో ఏకిన దూది.
నాగావళిలో ముంచితే
చేతిలో ఉందో ఏట్లో కలిసిందో తెలిసేది కాదట.
బండకి కొట్టేది కాదు.
పురిటిబిడ్డకి నీళ్ళు పోసినట్టు
మోకాళ్ళ మీద వేసుకుని జాడించేది.

కోటలో చిన్నమ్మగారికి ఘోషా.
ఆవిడ మొహం నాయనమ్మ ఎన్నడూ చూడలేదు.
చెమట వాసన తెలుసు.
ఏ నెల ముట్టు తప్పిందో తెలుసు,
ఏ నెల అంతా అయిపోయి
మళ్ళీ గుడ్డలొచ్చాయో కూడా.

చెల్లెలు గవరమ్మ లగ్గానికి
ఓ రాత్రి కోట మూట విప్పింది.
చిలకపచ్చ పట్టు, జరీ అంచు.
పిల్ల దాన్ని కట్టుకుని కూర్చోవడానికే భయపడింది,
పీటల మీద గాల్లో ఉన్నట్టు కూర్చుంది.
కోడి కూసేలోగా విప్పించి మడత పెట్టేశారు.
అంచున ఒక్క పసుపు వేలిముద్ర మిగిలింది.
కుంకుడు నురగకి పోలేదు. బూడిదకి పోలేదు.
అలాగే పంపేసి
వారం రోజులు ముద్ద మింగలేకపోయింది.

కోట నుంచి కబురు రాలేదు.
మూట వచ్చింది.

మూట అడుగున ఓ ముతక కోక.
చుక్క లేదు, గీత లేదు.
కిందటి రేవులో పోయిందనుకున్న తన కోకే.
అంచు నిండా బురద, పల్లేరుకాయలు.
కొంగున ముడి.
ముడిలో నాలుగు మరమరాలు,
సగం కొరికిన బెల్లం జీడి.

అమ్మోరి పండగ రాత్రి
తప్పెటగుళ్ళు ఆడేచోట ఆడాళ్ళ గుంపులో
ముసుగేసుకుని ఎవరో కొత్త మనిషి నిలబడిందనీ,
చప్పట్లన్నీ తాళం తప్పి కొట్టిందనీ
ఊళ్ళో అనుకున్న మాట అప్పుడు తట్టింది.

"కోక ఎగ్గట్టుకోడం తెలీదు మహాతల్లికి,"
అని నవ్వుకుంటూ చెప్పేది నాకు, ముసలైపోయాక.
"నడిసినంత దూరం నేల ఊడ్సుకుంటా ఎల్లింది."

పల్లేరుకాయలు ఒక్కొక్కటీ ఏరింది.
విడిగా ఉతికింది.
ధాన్యం కూలికి గుడ్డలు లెక్కెట్టే గుమాస్తాకి
ఆ ఒక్కటీ చెప్పలేదు.
ఆరాక, కొంగు మూల చూసి
సూది తీసి
మూడు చుక్కలు పెట్టింది.
పట్టుచీరల మధ్య మడిచి
కోటకి పంపేసింది.

కోకది ఏటికోసారి రాకపోకలు.
దివాణాలు పోయిన ఏడు మాత్రం
వచ్చి, ఇంక వెళ్ళలేదు.

శ్రీకాకుళంలో ఇప్పుడు నాది ఇస్త్రీ కొట్టు.
చొక్కాలకి నెంబరు కాగితాలు, పిన్నులు.
ఆ కోక మాత్రం నా పెట్టెలో ఉంది.
అంచు పోగులు పోగులుగా అరిగిపోయింది.
ఇద్దరిలో ఎవరి నడకకో
చుక్కలు చెప్పవు.